తండ్రి, కొడుకులు, అడకత్తెర: యానాం పొలిమేర క్రైమ్ డ్రామా ప్రాజెక్టు డైరీ

ముందు కొలతలు. షార్ట్ ఫిల్మ్, ఐదు పాత్రలు, ఖర్చు పరిమితి 2,40,000 రూపాయలు. కథాకాలం 1995 వేసవి. దొంగసరుకు దాటించే ఇల్లు ఒకటి: తండ్రి, పెద్దోడు, చిన్నోడు, పెద్దోడి ఎనిమిదేళ్ల కొడుకు. ఐదో మనిషి ఎక్సైజ్ కానిస్టేబులు, కనిపించేది రెండు షాట్లే.

మొదటి బడ్జెట్టులో సగం డబ్బు తుపాకీలకి, అంబాసిడర్ ఛేజింగుకి రాసి ఉంది. తండ్రి కూర్చున్న గదిలో మాట సరిగ్గా వినపడకపోతే ఆ ఛేజింగులో ఎవడు దొరికినా చూసేవాడికి పట్టదు. కాబట్టి ఆ డబ్బు తెచ్చి ఒక గదికి, ఒక భోజనానికి, ఒక పడవకి సర్దాం. కింద ఉన్నదంతా ఆ సర్దుబాటు లెక్కే.

దశ 1: కాలం, చోటు

1995 ఎంచుకోవడానికి కారణం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలించిన సారా వ్యతిరేక ఉద్యమం దెబ్బకి 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకాలు ఆగాయి. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలిపోయింది. ఆ రెండేళ్లూ యానాంకి ఆ నిషేధం లేదు, అది పుదుచ్చేరి కిందది. చుట్టూ ఆంధ్ర, నడుమ బ్రాందీ షాపులు, పక్కన గౌతమి. తండ్రిది బట్టీ పెట్టి సారా కాసిన తరం. కొడుకులది సీసాలు దాటించే తరం. సరుకు మారగానే పెత్తనం ఎవరిదన్న తగువు దానంతటదే పుడుతుంది. విలన్‌ని బయటి నుంచి తేనక్కర్లేదు.

కుటుంబానిది ఏ కులమో సినిమాలో తెలియదు, తెలియనివ్వలేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలకి పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది, ముద్ర మాత్రం సినిమాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంటిపేరు, వేషం, గోడ మీద దేవుడి పటం, యాస, ఈ నాలుగూ కలిసి ఏ ఊరి వాళ్లనైనా వేలెత్తి చూపిస్తున్నాయేమో స్క్రిప్టు దగ్గరే చూసుకోండి. ఎడిటింగులో ఇది దిద్దడం కుదరదు.

లొకేషన్ ఫొటోల్లో బయటపడ్డ కాలదోషాలు:

1. యానాం–ఎదుర్లంక వారధి. 1995లో అది లేదు, అవతలి ఒడ్డుకి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద పోవాలి. దిగువ వైపు కెమెరా తిప్పిన ఫ్రేములన్నీ కొట్టేశాం.
2. యానాం టవర్. దూరం నుంచి కూడా కనపడుతుంది. పగటి షాట్లు కొబ్బరితోటల అడ్డం ఉన్న కోణాలకే పరిమితం.
3. నంబరు ప్లేట్లు. అప్పటి సొంత బళ్లకి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు. తూర్పు గోదావరి సిరీస్ ఏపీ 5. ఇప్పటి ప్లేటు మీద నల్ల కార్డుబోర్డు అంటిస్తే పక్కనుంచి మందం తెలిసిపోతుంది. పలుచటి రేకు కొట్టించి పెయింటు వేయించాలి. షూటింగు చోటు దాటి ఆ ప్లేటుతో బండి నడపొద్దు.
4. వంద నోట్లు. గాంధీ బొమ్మ సిరీస్ వచ్చింది 1996లో. 1995కి అశోక స్తంభం సింహాల నోట్లే.
5. డీటీహెచ్ గొడుగులు, సెల్ టవర్లు, ఎల్ఈడీ వీధిదీపాలు. గొడుగు మీద గోనెపట్టా కప్పొచ్చు. వీధిదీపం దగ్గర ఏమీ చేయలేం, కోణం మార్చుకోవడమే.

అనుమతుల దగ్గర ఒక మెలిక. ఒడ్డు ఆంధ్రది, పది నిమిషాలు నడిస్తే పుదుచ్చేరి. రెండు వైపులా తీస్తే రెండు ప్రభుత్వాల అనుమతులు కావాలి. యానాం లోపలి సీన్లని ఒక వీధి మూలకి కుదించి, అది ఆంధ్ర వైపు ఊళ్లోనే తీశాం. బ్రాందీ షాపు బోర్డు చేత్తో రాయించిందే.

ఈ దశ ఖర్చు: పెంకుటింటి అద్దె 18,000, అనుమతులు, ప్రయాణాలు 11,000. మొత్తం ఇప్పటికి: 29,000.

దశ 2: స్క్రిప్టు, రిహార్సలు

పేజీకి ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లీషు స్క్రీన్‌ప్లే ఫార్మాటుకి కుదిరింది. తెలుగు లిపిలో రాసిన 19 పేజీలు స్టాప్‌వాచ్ పెట్టి చదివిస్తే 31 నిమిషాలు తేలింది. అందుకని:

1. నటులే చదవాలి, దర్శకుడు చదవకూడదు. దర్శకుడి చదువు ఎప్పుడూ వేగంగానే ఉంటుంది.
2. మౌనాలకి కూడా వాచీ నడవాలి.
3. ప్రతి సీన్ టైము మార్జిన్లో రాయాలి. మూడు నిమిషాలు దాటిన సీన్ చుట్టూ గీత గీయాలి.
4. తండ్రి మాటల్లో కొడుక్కి ముందే తెలిసిన సంగతి ఏదున్నా కొట్టేయాలి.

నాలుగో మెట్టు తర్వాత తండ్రి డైలాగు 640 మాటల నుంచి 210కి దిగింది. బెదిరింపులన్నీ పోయాయి. పనులు చెప్పడం, తిండి అడగడం మిగిలాయి. పెద్దోడు "రేపట్నుంచి పిల్లోణ్ని బళ్లో వేస్తానండి నాన్నా" అంటే మొదటి డ్రాఫ్టులో అరపేజీ తిట్లున్నాయి. ఇప్పుడున్నది ఇంతే: "వెయ్యి. బడి పొద్దున్న కదా. పడవ రాత్రికి." భయం పెట్టే పని ఈ మూడు ముక్కలే ఎక్కువ చేశాయి.

పెద్దోడు తండ్రిని మీరు అంటాడు, చిన్నోడు నువ్వు అంటాడు. వేడి సీన్లలో నటులు ఇది కలిపేస్తున్నారు. కంటిన్యుటీ షీట్లో (షాటు షాటుకి ఏదీ తేడా రాకుండా రాసుకునే పట్టిక) పిలుపుకి ఒక గడి చేర్చాక ఆగింది. యాస గురించి ఒక హెచ్చరిక: గోదావరి మాట అనగానే ప్రతి వాక్యం చివరా "ఆయ్" తగిలిస్తే కామెడీ అయిపోతుంది. స్క్రిప్టు మొత్తానికి ఒక్కసారే ఉంచాం, అదీ కానిస్టేబులు నోట.

పిల్లాడి విషయం అన్నిటికంటే ముందు చూసుకోండి. బాల కార్మిక చట్టం కింద 2017లో సవరించిన నియమాల ప్రకారం బాలనటుడికి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకి ఐదు గంటలకి మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లాడి పేరు మీద జాతీయీకరించిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మొదటి షెడ్యూలులో పిల్లాడికి రాత్రి పడవ సీన్ ఉంది. నిద్రపోయే వేళ పిల్లాణ్ని నీళ్ల మీద కూర్చోబెట్టడం అనుమతుల కంటే ముందు బుద్ధి తక్కువ పని. ఆ సీన్లో పిల్లాడి చొక్కా మాత్రం పడవలో ఉంటుంది, తాత దాన్ని మడిచి పక్కన పెడతాడు. కథకి ఇదే మేలైంది.

ఖర్చు 9,500. మొత్తం: 38,500. నిడివి: 31 నుంచి 27 నిమిషాలకి.

దశ 3: సామాను, బట్టలు

చుట్ట. గోదావరి లంక పొగాకు చుట్ట లేని పెద్దమనిషిని ఆ ప్రాంతంలో ఊహించడం కష్టం, అందుకే స్క్రిప్టులో తండ్రికి చుట్ట ఉంది. రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, చుట్ట కాలుతూ పోతుంది, షాటు షాటుకి పొడవు మారుతుంది. రెండోది పెద్దది: పొగాకు తెర మీద కనిపించినంతసేపూ కింద హెచ్చరిక పడాలి. తండ్రి ఉన్న ప్రతి షాట్లో ముఖం కింద ఆ గీత ఉంటే గది మూడ్ మిగలదు. వెలిగించకుండా పట్టుకున్నా అది పొగాకు ఉత్పత్తే.

బదులుగా అడకత్తెర, వక్కలు. ఇత్తడి పిడుల పాతది 650 రూపాయలకి దొరికింది. ఎండిన వక్క నొక్కితే టక్కుమని శబ్దం, తండ్రి ప్రశ్నకీ కొడుకు జవాబుకీ మధ్యన. పెద్దోడికి చెమట పట్టేది అక్కడే. నటుడు ముందుగా ఖాళీ అడకత్తెరతో అలవాటు పడాలి. బొటనవేలు పిడుల మధ్యకి పోతే గోరు చితుకుతుంది. అంచుని ఆకురాయితో మొద్దుబార్చి, వక్కల్ని ముందే సగం వరకు కోసి ఉంచాం. అరకిలో వక్కలు సినిమా మొత్తానికి సరిపోయాయి.

సీసాలు. పాత సీసాల కొట్లో క్వార్టర్ సీసాలు 120 తెచ్చాం. లేబుళ్లు రాత్రంతా వాషింగ్ సోడా నీళ్లలో నానితే పొద్దున చేత్తో ఊడొస్తాయి. లోపల టీ డికాక్షన్ పోస్తే చిక్కగా ఉన్నది చల్లారగానే మసకబారి బురదనీళ్లలా కనిపించింది. పంచదార మాడ్చి నీళ్లలో కలిపితే రంగు నిలుస్తుంది: పది లీటర్లకి 150 గ్రాములు. మూతలకి మైనం పెట్టకపోతే చీమలు లోపలికి వెళ్తాయి.

డబ్బు కట్టలు. అచ్చు నోట్లలాంటివి ప్రింటు తీయొద్దు. కరెన్సీని పోలిన కాగితం తయారు చేయడమే నేరం. పైన ఒకటి, కింద ఒకటి అసలు నోటు, నడుమ నోటు కొలతకి కోసిన తెల్లకాగితాలు, మీద రబ్బరుబ్యాండు. కట్ట పక్కభాగం మరీ తెల్లగా కనిపిస్తుంది, అంచుకి తడి టీపొడి రుద్దాలి. సింహాల వంద నోట్లు నాణేల వ్యాపారుల దగ్గర దొరుకుతాయి. పాత ఐదొందల నోట్ల జోలికి పోకండి. రద్దయిన నోట్లు మామూలుగా పదికి మించి దగ్గర ఉంచుకోవడాన్ని 2017 చట్టం ఒప్పుకోదు.

తుపాకీ. చిన్నోడి దగ్గర ఒకే ఒక నాటు తుపాకీ, చెక్కతో చెక్కించింది, పేలే భాగం ఏదీ లేదు. స్థానిక పోలీస్ స్టేషన్లో ముందే కాగితం ఇచ్చాం. వాడనప్పుడు పెట్టెలో తాళం, తాళంచెవి ఒకే మనిషి దగ్గర. సినిమాలో అది పేలదు, గుడ్డలో చుట్టి చూరులో దోపి ఉంటుంది.

బనీను. ఇది చిన్న విషయంలా కనిపించి గదిలో లైటింగునంతా చెడగొట్టింది. కొత్త తెల్ల బనీను, తెల్ల పంచె లైటు కింద మండిపోతాయి. వాటిని కాపాడదామని ఎక్స్‌పోజరు తగ్గిస్తే చామనఛాయ ముఖం చీకట్లో కలిసిపోతుంది. విరుగుడు: నాలుగు లీటర్ల మరిగే నీళ్లలో 60 గ్రాముల టీపొడి, చారెడు ఉప్పు, వడకట్టి బట్టలు 20 నిమిషాలు ముంచి నీడన ఆరేయడం. కళ్లకి తెలుపే, కెమెరాకి దాదాపు ఒక స్టాప్ తక్కువ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమైనట్టు). తండ్రికి నాలుగు బనీన్లు ఒకే తొట్టిలో ముంచాలి. విడిగా ముంచితే రంగు కలవదు.

నెత్తురు ఒకే షాట్లో, చిన్నోడి అరచేతిలో. పంచదార పాకంతో చేసింది చూడ్డానికి బాగుంది, అయితే గట్టు మీద ఎర్రచీమలు బారు కట్టాయి. మొక్కజొన్న పిండి గంజికి మారాం: లీటరు నీళ్లకి 60 గ్రాముల పిండి, 8 గ్రాముల ఎర్ర ఫుడ్ కలరు, చెంచా కోకో పొడి. మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి.

ఖర్చు 27,400. మొత్తం: 65,900.

దశ 4: తండ్రి గది, లైటు

పైనుంచి పడే లైటు అనగానే అందరూ చెప్పేది 1972 నాటి గాడ్‌ఫాదర్. దాని కెమెరామన్ గోర్డన్ విల్లిస్ ఆ పద్ధతి ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం తండ్రి వేషం వేసిన బ్రాండో మేకప్పు, దవడలు నింపుకున్న ఆ ముఖానికి పైలైటే నప్పింది. కళ్లు కనపడటం లేదని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. కారణం తెలియకుండా లైటు ఒక్కటే కాపీ కొడితే ఏమవుతుందో ఇక్కడ చూడొచ్చు.

మా గది 11 అడుగులు, 9 అడుగులు. దూలం నేల నుంచి ఎనిమిదిన్నర అడుగులు. తండ్రి పడక్కుర్చీలో కూర్చుంటే తల నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. చేసిన ఫ్రేము: 3 అడుగులు, 2 అడుగుల చెక్క చట్రం, కింద ముతక కోరా గుడ్డ, నాలుగు పక్కలా అడుగు పొడవు నల్లగుడ్డ కుచ్చు (ఇది లేకపోతే లైటు గోడలకి పారి గది అంతా తెల్లబడుతుంది), లోపల డిమ్మరున్న 60 వాట్ల ఎల్ఈడీ.

మొదటి టెస్టులో మూడు చెడ్డాయి:

1. ఫ్రేము నడినెత్తిన ఉంది. నటుడిది బట్టతల. తల మీద చెంబు బోర్లించినట్టు మెరుపు, కింద కళ్లు రెండు గుంటలు. ఫ్రేముని అడుగు ముందుకి జరిపి, తల మీద పొడి అద్దాం. మెరుపు తగ్గింది, కళ్లు ఇంకా రాలేదు.
2. కళ్ల కోసం ముందు చిన్న లైటు పెడితే ముఖం చదునైపోయింది, టీవీ సీరియల్ అయింది. తీసేశాం. ఒళ్లో తెరిచిన ఖాతా పుస్తకం పెట్టాం. తెల్ల పేజీల మీద పడ్డ వెలుగు కిందనుంచి కళ్లలోకి వెళ్తుంది. పుస్తకం మూసిన క్షణాన కళ్లు ఆరిపోతాయి. ఆ మూయడాన్ని "పడవ రాత్రికి" అన్న మాట మీదకి పెట్టాం.
3. వేలాడే 60 వాట్ల పాత బల్బు కెమెరాలో తెల్ల మచ్చ. డిమ్మరుతో తగ్గిస్తే మైకులో గుయ్‌మని రొద. డిమ్మరు తీసేసి 15 వాట్ల బల్బు పెట్టి, వెనకవైపు గాజుకి మసి పూశాం.

కొలతలు, నకలు చేసేవాళ్ల కోసం: తండ్రి నుదుటి దగ్గర వెలుగు ఎఫ్ 2.8 (లెన్సు తెరుపు లెక్క), చెంప దగ్గర ఒకటిన్నర స్టాపులు తక్కువ, వెనక గోడ మూడు స్టాపులు తక్కువ. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 800. ముఖాన్ని సరిగ్గా తీసి గోడని చీకట్లో వదలాలి. మొత్తం తక్కువగా తీసి తర్వాత కలరులో లేపుదామంటే నీడల్లో చుక్కలు లేస్తాయి.

ఫ్లికర్ (లైటు మినుకు): మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేములకి తీసేటప్పుడు షట్టరు 1/48 పెడితే పక్కింటి ట్యూబులైటు వరండాలో అలలు కొడుతుంది. 1/50 పెడితే ఆగుతుంది. జనరేటరు మీద ఇది కూడా నమ్మకం లేదు, ఇంజన్ వేగం మారితే ఫ్రీక్వెన్సీ మారుతుంది. జనరేటరు మీద బల్బులూ బ్యాటరీ లైట్లే, ట్యూబులు ఆపేయాలి.

ఖర్చు 14,600. మొత్తం: 80,500.

దశ 5: మాట

డబ్బింగు వద్దనుకున్నాం. తండ్రి గొంతు స్టూడియోలో చెప్పిస్తే వక్క నములుతూ మాట్లాడే బరువు రాదు.

రొయ్యల చెరువుల ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. దూరంగా ఉన్నా గదిలో సన్నటి హోరు. ఆపమని అడగకూడదు, గాలాడకపోతే రొయ్యలు పోతాయి. కిటికీకి రెండు బొంతలు వేలాడేశాం, నేల మీద ఈతచాపల కింద ఇంకో బొంత. పొడుగు షాట్‌గన్ మైకు ఆ చిన్న గదిలో డొల్లగా పలికింది, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం దానికి పడదు. హైపర్‌కార్డియాయిడ్ (ఎదుటి మాటనే ఎక్కువగా పట్టే) మైకుకి మారి, తలకి అడుగున్నర దూరంలో పెట్టాక మాట దగ్గరికొచ్చింది.

కాలరు మైకు బనీను కింద నిలవదు. చెమటకి టేపు ఊడుతుంది, గుడ్డ రుద్దుకున్న చప్పుడొస్తుంది. భుజం మీద కండువా ముడిలో దాచాం. అయితే తండ్రికి కండువాతో మెడ తుడుచుకునే అలవాటు స్క్రిప్టులో ఉంది, తీసేయాల్సొచ్చింది. ఒక నటన ముక్క పోయింది, గొంతు మిగిలింది. మంచి బేరమే.

ప్రతి చోటా చేయాల్సినవి:

1. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపిన మనిషి కారు తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టాలి, లేకపోతే మళ్లీ వేయడం మర్చిపోతారు.
2. అందరూ ఉండగానే 60 సెకన్లు మాటల్లేని గది శబ్దం తీసుకోవాలి.
3. అడకత్తెర, తలుపు గొళ్లెం, చెంబు విడివిడిగా దగ్గర నుంచి రికార్డు చేయాలి. అడకత్తెర ఎండు వక్కతో, నానిన వక్కతో రెండు రకాలు.
4. 32-బిట్ ఫ్లోట్ రికార్డరైనా మైకు జాగా తప్పితే ఏమీ చేయలేదు. అరుపు పగలకుండా కాస్తుంది, దూరాన్ని తగ్గించదు.

ఖర్చు 21,000. మొత్తం: 1,01,500.

దశ 6: భోజనం సీన్

మూడు నిమిషాల పది సెకన్లు. తండ్రి పీట మీద, కొడుకులు చాప మీద, వంకాయ పులుసు, అన్నం, అరిటాకులు. సరుకు పోయిందని చెప్పాల్సింది చిన్నోడు, చెప్పేది పెద్దోడు. అన్నిటికంటే కష్టమైన సీన్ ఇదే. తుపాకీ సీన్ దీనిముందు సెలవు రోజు.

మొదట చేపల పులుసు పెట్టాం. ముల్లు చూసుకుంటూ తినే నటుడు ఎదుటివాడి కళ్లలోకి చూడడు. తీసేసి వంకాయ పెట్టాం. స్టీలు కంచాల గలగల మాట మీద పడుతోందని అరిటాకులకి మారాం. అరిటాకు లైటు వేడికి అరగంటలో వాడి అంచులు చుట్టుకుంటుంది. పెద్ద షాట్లో పచ్చటి ఆకు, దగ్గరి షాట్లో వాడిన ఆకు. ఆకులు తడిగోనెలో చుట్టి పెట్టుకుని, ప్రతి కొత్త సెటప్‌కి మార్చాం. 40 ఆకులు పోయాయి.

ముద్ద కంటిన్యుటీ ఇలా కట్టాం:

1. ఎవరు ఏ మాట ముందు ముద్ద కలుపుతారు, ఏ మాట తర్వాత నోట్లో పెడతారు, స్క్రిప్టు మీదే గుర్తులు.
2. మాట ఉన్నవాడి నోట్లో ముద్ద ఉండకూడదు. తండ్రికి మాత్రం మినహాయింపు. ఆయన నములుతూ మాట్లాడతాడు, వాళ్లు ఆగాలి.
3. ఆకులో ఎడమవైపు అన్నం గుట్ట, కుడివైపు పులుసు. ప్రతి షాటు ముందు పై నుంచి ఫొటో.
4. ఉత్తుత్తి ముద్దలు వద్దు. నిమ్మకాయంత నిజమైన ముద్ద, "కట్" అన్నాక ఉమ్మడానికి పక్కన గిన్నె.

ఐదు కిలోల బియ్యం, నాలుగు కిలోల వంకాయలు. అన్నం రెండు విడతలుగా వండాలి. పొద్దున వండింది మధ్యాహ్నానికి గట్టిపడి వేళ్లకి వేరేలా అంటుతుంది, కెమెరాకి తెలుస్తుంది.

చూపుల గీత: ముగ్గురూ నేల మీద గుండ్రంగా కూర్చుంటే ఎవరు ఎవరిని చూస్తున్నారో ఎడిటింగులో తారుమారవుతుంది. తండ్రికీ పెద్దోడికీ మధ్య ఊహాగీత గీసి, కెమెరా వంటింటి వైపే ఉంచాం. చిన్నోడు ఆ గీత మీదే కూర్చున్నాడు. కాబట్టి తండ్రి వైపు తిరిగినా అన్న వైపు తిరిగినా తల పూర్తిగా తిప్పాలి. నిజం ఎవరు చెప్తారో అన్న ఊగిసలాట ఆ మెడలోనే వచ్చేసింది, ముఖకవళికలు అడగలేదు.

పిల్లాడు ఈ సీన్లో నీళ్లచెంబు తెచ్చి మొదట ఎవరి ముందు పెడతాడన్నది స్క్రిప్టులో వాడి తండ్రి, అంటే పెద్దోడి ముందనే ఉంది. చెంబు తాతగారి ముందు పెట్టాక లెక్క అంతా సరిపోయింది.

ఖర్చు 6,800. మొత్తం: 1,08,300.

దశ 7: పడవ

గౌతమి ఇక్కడ సముద్రపు పోటుకి లేస్తుంది, పాటుకి దిగుతుంది. మధ్యాహ్నం తీసిన షాట్లో నీళ్లు గట్టు అంచున, సాయంత్రం షాట్లో నాలుగు మెట్ల కింద బురద. రెండూ ఒకే సీన్. పోటు రోజుకి రెండుసార్లు, మర్నాడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సీన్ రెండు రోజులకి పడితే రెండో రోజు 50 నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టాలి. ఇంత చిన్న లెక్క షెడ్యూలులో లేక ఒక సాయంత్రం ఫుటేజీ మొత్తం పోయింది.

రాత్రి సీన్ నిజంగా రాత్రి తీస్తే నది నల్లగోడ. సూర్యాస్తమయం తర్వాత నీలం వెలుగు ఇరవై నిమిషాలకి కాస్త ఎక్కువ ఉంటుంది. ఒడ్డు మీద రిహార్సలు పూర్తి చేసి, ఆ ఇరవై నిమిషాల్లో రెండు షాట్లు పెట్టుకోవాలి. మూడోది ఆశపడితే మూడూ సగం సగం అవుతాయి. ఐఎస్ఓ 2500, లాంతరు లోపల బ్యాటరీ బల్బు. కిరసనాయిలు లాంతరు గాలికి రెపరెపలాడి ముఖాన్ని మింగేసింది.

సరుకు కొబ్బరికాయల కింద ఉండాలి. 500 కాయలు వేస్తే పడవ అంచు నీటికి జానెడు ఎత్తులోకి దిగింది, పడవాయన ఒప్పుకోలేదు. ఆయన చెప్పిందే చట్టం. అడుగున ఎండుగడ్డి బస్తాలు, పైన ఒకే వరస, 180 కాయలు. పెద్దోడు కాయ తీసినప్పుడు కింద గోనె కనపడకుండా ఆ చోట మాత్రం రెండు వరసలు.

తప్పనిసరి:

1. పడవలో ఉన్న ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్. నటులకి చొక్కా కింద పలుచటిది. అది ఒళ్లు లావుగా చూపిస్తుంది, చొక్కా రెండు సైజులు పెద్దది కుట్టించాలి.
2. పక్కన రెండో పడవ, ఈత వచ్చిన మనిషి, తాడు.
3. కెమెరా స్టాండు పడవలో వేయొద్దు, అలకి మొత్తం ఫ్రేము ఊగుతుంది. ఒళ్లో మడిచిన బస్తా మీద కెమెరా పెట్టి కూర్చుంటే నడుము ఆ ఊపుని తీసుకుంటుంది.
4. తెడ్డు చప్పుడు, మాట ఒకేసారి వద్దు. తెడ్డు ఆపాకే మాట.

ఖర్చు 32,500. మొత్తం: 1,40,800. కెమెరా అద్దె, యూనిట్ భోజనాలు, ప్రయాణాలు, పారితోషికాలు అన్నీ కలిపి ఇంకో 58,000. మొత్తం: 1,98,800.

దశ 8: ఎడిటింగు, శబ్దం, ప్రింటు

ఫుటేజీ ఏడున్నర గంటలు, 470 జీబీ. రెండు డ్రైవుల్లో రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇళ్లలో. చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో లేదో తేల్చే లెక్క) చూసుకోకుండా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

రఫ్ కట్ (మొదటి కూర్పు) 36 నిమిషాలు. పడవ అందంగా ఉందని తొమ్మిది నిమిషాలు నీళ్లే. కోతలో పాటించిన వరస: మొదట ఇద్దరు మనుషులు లేని షాట్లన్నీ తీసి పక్కన పెట్టడం, తర్వాత ఏది లేకపోతే కథ ఆగుతుందో దాన్నే వెనక్కి తేవడం. వెనక్కొచ్చినవి నాలుగు. 27 నిమిషాలు. కానిస్టేబులు మాట్లాడే సీన్ పోయింది, మౌనంగా ఉన్న రెండు షాట్లు మిగిలాయి. 23 నిమిషాలు.

నేపథ్య సంగీతం మొదటి కట్‌లో వీణ, తర్వాత డప్పు, చివరికి ఏదీ లేదు. అడకత్తెర టక్కులే తాళం. మిక్స్‌లో ఒక ఇబ్బంది: దగ్గర నుంచి తీసిన టక్కు మాట కంటే పదునుగా ఉండి చెవిలో గుచ్చింది. 4 కిలోహెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ తగ్గించి, గది శబ్దం కలిపితే తండ్రి చేతుల్లోకి వెళ్లి కూర్చుంది. ఆఖరి టక్కుకి నానిన వక్కది వాడాం. తెగదు, నలుగుతుంది.

యూట్యూబు కాపీకి శబ్దస్థాయి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్. థియేటరు కాపీకి అదే మిక్స్ పంపొద్దు, మాట అరిచినట్టుంటుంది. థియేటరు లెవెల్లో వేరే మిక్స్ చేయించాలి.

డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ): మా కెమెరాలో సెకనుకి 24 ఫ్రేములని ఉన్నది నిజానికి 23.98. డీసీపీకి నిఖరంగా 24 చేస్తే 23 నిమిషాల మీద దాదాపు సెకనున్నర తేడా. బొమ్మని మాత్రమే మార్చి ఆడియో వదిలేస్తే చివరి సీన్‌కి పెదవులు, మాట విడిపోతాయి. రెండూ కలిపి మార్చాలి. 25కి తీసినవాళ్లు 24కి దించితే నాలుగు శాతం సాగుతుంది, తండ్రి గొంతు ఇంకాస్త లావవుతుంది.

కలరులో ఒక్క మాట. ల్యాప్‌టాప్‌లో సరిపోయిన చీకటి ప్రొజెక్టరు మీద బురదయింది. గది సీన్లలో నీడల్ని అర స్టాపు లేపి, ఖాతా పుస్తకం పేజీని అలాగే వదిలాం. పేజీ తెలుపు మారకపోతే ముఖం దానికదే సర్దుకుంటుంది.

ఖర్చు: డ్రైవులు 13,000, మిక్స్ 25,000, కలరు 15,000, డీసీపీ 12,000. మొత్తం: 2,63,800. పరిమితికి 23,800 ఎక్కువ, అందులో సింహభాగం పోటు లెక్క తప్పిన సాయంత్రానిదే.

మిగిలిన పని: డీసీపీని థియేటర్లో మొత్తం నడిపి చూడాలి, ఐదో నిమిషం దగ్గర ఇంగ్లీషు సబ్‌టైటిల్ బనీను మీద పడి చదవడం కష్టంగా ఉంది, పైకి జరపాలి. సర్టిఫికెట్టుకి పంపే ముందు సీసాలు కనిపించే షాట్లన్నిటికీ మద్యం హెచ్చరిక వేయాలి. కొబ్బరికాయలు అమ్మితే 2,100 వచ్చాయి, ఆ లెక్క పైన కలపలేదు.